ఎడారి తొక్కు

మొన్న శివరాత్రి వెళ్లిన వారానికి మా చిన్నమ్మ కొడుకు వెంట ఎనుమాముల మార్కెట్‌కు పోయాను. నర్సంపేట దిక్కు వాడికి రెండెకరాల మిర్చి తోట ఉంది. నాకక్కడ పనేం లేదు, మార్కెట్ చూసి చాలా ఏళ్లయిందని వెంటబడి పోయానంతే. గేటు ఇంకా రాకముందే ఆటోలోనే తుమ్ములు మొదలయ్యాయి. లోపల ఎటు చూసినా బస్తాలే. మూతులు విప్పిన బస్తాల్లోంచి ఎరుపు కళ్లలోకి కొడుతోంది. హమాలీలు ముక్కులకు తువ్వాలలు కట్టుకుని మోస్తున్నారు. రైతులకు మాత్రం ఆ ఘాటు లెక్కే లేదు, నీడ పట్టున కూర్చుని తేజకెంత పలికింది, వండర్ హాట్‌కెంత పలికింది అని మాట్లాడుకుంటున్నారు.

ఒక మూలన వేరే కుప్ప. పొట్టిగా, లావుగా, ముడతలు పడి, ఎండిన టమాటల్లా ఉన్న కాయలు. మన చపాటా. ఈ మధ్య దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఒక కాయ తుంచి వాసన చూశాను. "అక్కా, గట్ల ముక్కు కాడ పెట్టుకోకు," అని వాడు అంటూనే ఉన్నాడు. కళ్లు మూతపడ్డాయి. మా అమ్మ కనబడింది. పసుపు రంగు రాతిగోడ పక్కన గొంతుక్కూర్చుని, ఇట్లాంటి కాయనే వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూస్తోంది. ఆ గోడ మన ఊరిది కాదు, జైసల్మేర్‌ది.

*

మా బాపు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. మేం రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. షెడ్డు సైరన్‌కు లేవడం, ఇంజన్ కూతలు వింటూ నిద్రపోవడం. ఏ కూత ఏ బండిదో మా తమ్ముడు మంచంలోంచే చెప్పేవాడు. సగం తప్పు చెప్పేవాడు, బాపు మాత్రం సరిదిద్దేవాడు కాదు. బాపు అంగీల నుంచి వచ్చే గ్రీజు వాసన ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. అమ్మ వాటిని మా బట్టలతో కలవనిచ్చేది కాదు.

రైల్వేవాళ్లకు ఏడాదికి మూడు సెట్ల పాసులు. మావి ఎప్పుడూ ఒకే తీరుగా ఖర్చయ్యేవి. ఒకటి తిరుపతికి, ఒకటి అమ్మవాళ్ల తల్లిగారిల్లు మంచిర్యాలకు, మూడోది మురిగిపోవడానికి.

ఇంట్లో ఒక పాత టైంటేబుల్ పుస్తకం ఉండేది, వెనక మడత పెట్టిన మ్యాపుతో. అన్నాలు తిన్నాక బాపు దాన్ని చాప మీద పరిచి వేలితో లైన్ల వెంట పోయేవాడు. బల్లార్షా, నాగపూర్, ఇటార్సి, భోపాల్, ఝాన్సీ... వేలు ఎటు తిరిగినా చివరికి పడమటి అంచున ఒక చుక్క దగ్గర ఆగేది. "అగో, జైసల్మేర్. ఆడికి లైను ఖతం. దాని అవతల పట్టాల్లెవ్వు, ఉత్త ఇసుకనే," అనేవాడు. పొద్దంతా ఇంజన్లతో గడిపే మనిషికి పట్టాలు అయిపోయే చోటు మీద అంత మోజెందుకో నాకిప్పటికీ తెలియదు. ఆయన ఉన్నప్పుడు అడగాలని తోచలేదు.

ఆ ఏడు మూడో సెట్టు మురగనివ్వనని పట్టుబట్టాడు. సెలవు దొరికిందేమో సరిగ్గా బతుకమ్మ రోజుల్లో. ఎంగిలిపూల నాడు ఆడిన మూడో రోజున బయల్దేరాలి. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లో లేకపోవడమంటే ఆమె లెక్కన పండుగను నడి బజార్ల విడిచిపెట్టి పోవడమే.

బాపమ్మ రానన్నది. "ఇసుక చూడనీకి గంత దూరం పోవాల్నారా? మన గోదారి ఒడ్డున లేదా?"

*

మా సామాను గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు హోల్డాల్ అంటే ఏంటో తెలియదు. ఖాకీ రంగు కాన్వాసు గుడ్డలో పరుపు, దుప్పట్లు, మెత్తలు పెట్టి చుట్టచుట్టి తోలుపట్టీలతో బిగిస్తే అదొక మనిషంత అయ్యేది. ఒక ఇనుప సందూక. నీళ్లకు మట్టి కూజా. సకినాలు ఒక డబ్బా, సత్తుపిండి ఒక డబ్బా. ఆ పైన మామిడికాయ తొక్కు.

తొక్కు పెట్టింది బాపమ్మ జాడీలో. మెడ దాకా గోధుమ రంగు, కింద తెలుపు, శేరుడు పట్టే చిన్న జాడీ. ఆమె పెండ్లికి తల్లిగారు పెట్టిన సామానులో మిగిలింది అదొక్కటే. అమ్మ అడగకుండానే తీసుకుంది. మూతికి గుడ్డ కట్టి, జాడీని హోల్డాల్‌లో దుప్పట్ల మధ్య బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టింది. స్టీలు డబ్బాలో పెడితే తొక్కు చెడుతుందని ఆమె వాదన.

నాగపూర్‌లో సంతరాలు కొన్నాం. నాగపూర్ దాటాక సాత్పురా కొండలు వచ్చాయి. బండి మెలికలు తిరుగుతూ సొరంగంలోకి పోయినప్పుడల్లా బోగీలోని పిల్లలందరం ఒక్కసారే అరిచేవాళ్లం. బయటికి వచ్చాక మా అరుపులకు మాకే సిగ్గయ్యేది. గుట్టలంటే అప్పటిదాకా మాకు పద్మాక్షి గుట్ట, మడికొండ గుట్ట. ఇక్కడ గుట్ట వెనక గుట్ట, ఎంతసేపైనా తెగలేదు. బాపు తలుపు దగ్గర నిలబడి ఇంజన్ ఎక్కడ గుంజుతోంది, ఎక్కడ బ్రేకు పట్టింది అని మాకు చెబుతూ ఉన్నాడు.

ఇటార్సిలో ఒక పెద్ద కుటుంబం ఎక్కింది. ఎవరో పెద్దాయన తన ట్రంకును ఎత్తి మా హోల్డాల్ మీద దించాడు. లోపల చిన్నగా టక్‌మన్న చప్పుడు. అమ్మ ముఖం పాలిపోయింది. నర్మద వంతెన మీద అందరూ రూపాయి బిళ్లలు విసిరి దండం పెట్టుకుంటుంటే అమ్మ హోల్డాల్ పట్టీలు విప్పుతోంది. జాడీ మూడు ముక్కలైంది. నూనె దుప్పట్లలోంచి పరుపుకు, పరుపులోంచి కాన్వాసుకు ఎక్కింది. ట్రంకు పెట్టినాయన చేతులు జోడించాడు. ఆయన భార్య మాత్రం వాసన చూసి నవ్వి, దుప్పటి మీది నుంచి ఒక ముక్క తీసి చప్పరించి, ఇంకొకటి తీసుకుంది. అమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మీ అమ్మకు ఏం జెప్పాలె?" అని ఆ రాత్రంతా బాపును సతాయించింది. ఇంకా వారానికి పైగా ప్రయాణం ముందుంది, తొక్కు లేదు. ఈ రెండింటిలో ఏది పెద్ద టెన్షన్ అని అడిగితే చెప్పడం కష్టం.

*

ఢిల్లీలో మేం చూసింది స్టేషన్ నుంచి స్టేషన్‌కు పోయే దారి మాత్రమే. అక్కడ మీటర్ గేజి బండి ఎక్కాం. తమ్ముడు దాన్ని చూసి "బొమ్మ రైలా?" అన్నాడు. మన కాజీపేట పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, దానికి సరిగ్గా 1,000. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తాకేవి. బొగ్గు ఇంజన్. కాలిన బొగ్గు రవ్వలు కంట్లో పడితే బాపు తువ్వాల కొన మెలేసి తీసేవాడు. ఆ మెలేసిన గుడ్డ కొన రెప్ప కింద తగిలే చల్లదనం నాకింకా గుర్తే.

జోధ్‌పూర్‌లో స్టేషన్ మీదనే రిటైరింగ్ రూములో దిగాం. మెహ్రాన్‌గఢ్ కోట ఎక్కి కిందికి చూస్తే ఊరంతా నీలం. ఎవరో బట్టలకు నీలిమందు పెట్టబోయి ఊరి మీద ఒలకబోసినట్టు ఇళ్లు. రావు జోధా ఆ కోటకు పునాది వేసింది 1459లో. లోపలి దర్వాజా గోడకు సతీసహగమనం చేసిన రాణుల చేతి ముద్రలున్నాయి, సింధూరం పూసి. అవి ఎందుకున్నాయో గైడ్ చెబుతుంటే అమ్మ నన్ను దగ్గరికి గుంజుకుని, "ఇగ చాలు, పా," అన్నది. కింద బజార్లో మిర్చి వడ. మన మిర్చి బజ్జీకి పెద్దన్న, కడుపులో ఆలుగడ్డ కూర. తమ్ముడు నాలుగు తిన్నాడు. ఆ రాత్రి ఏమైందో రాయను.

*

జైసల్మేర్ బండి రాత్రిది. కిటికీ రెక్కలు దించినా సందుల్లోంచి ఇసుక వచ్చింది. తెల్లారి లేచి చూస్తే అందరి కనుబొమ్మలకు, వెంట్రుకలకు సత్తుపిండి చల్లినట్టుంది. బాపు నిద్రపోయినట్టు లేడు. బండి ఆగగానే మమ్మల్ని సామాను దగ్గర కూర్చోబెట్టి పట్టాల వెంట ముందుకు నడిచాడు. నేను వెనకే పోయాను. పట్టాలు అయిపోయే చోట అడ్డంగా ఒక దిమ్మె, దాని వెనక తుమ్మ ముళ్లు, రెండు మేకలు. బాపు దిమ్మె మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత నా దిక్కు చూసి, "గంతే," అన్నాడు.

ఏళ్ల తరబడి మ్యాపు మీద వేలు పెట్టి చూసిన చోటు. గంతే అన్న ఆ మాటలో నిరాశ ఉందని అప్పుడనుకున్నాను. ఇప్పుడైతే అనుకోను. ఫోటోలో నవ్వుతున్నాడు.

కోట గురించి ఎంత చెప్పినా తక్కువే. 1156లో రావల్ జైసల్ కట్టించాడు. పసుపు రాయి, పొద్దుగూకుతుంటే బెల్లంపాకం రంగుకు తిరుగుతుంది. 99 బురుజులు. అయితే మా అమ్మను ఆపింది అవేవీ కావు. కోట లోపల జనం కాపురముంటున్నారు. గల్లీలో ఆవు, అరుగు మీద ముసలాయన, దండెం మీద ఆరేసిన చీరలు. "మన ఖిలా వరంగల్ లెక్కనే ఉన్నది గదా," అన్నది. నిజమే. మన దగ్గరా మట్టికోట దాటి, రాతికోట దాటి పోతే లోపల ఊరే. కీర్తితోరణాల పక్క సందులో పిండి గిర్ని ఉంటుంది.

అక్కడ ఒక గల్లీ మలుపులో, గడప ముందు కూర్చుని ఒకామె రాతి మీద ఏదో నూరుతోంది. ఘాటు మా దాకా వచ్చింది. ఇటార్సి నుంచి తొక్కు లేక చప్పిడి తింటున్న అమ్మ అక్కడే ఆగిపోయింది. ఎండుమిర్చి నానబెట్టి, ఎల్లిగడ్డ పాయలు, జీలకర్ర, ఉప్పు వేసి నూరుతోంది. అమ్మకు వచ్చింది కాలనీ ఉర్దూ, ఆమెకు వచ్చింది మార్వాడీ. "ఇసుమే క్యా డాల్తే?" అని అమ్మ. ఆమె ముసుగు కొంచెం జరిపి ఒక ఎండుకాయ తీసి ఇచ్చింది. మథానియా అనే మాట ఒక్కటే అర్థమైంది. జోధ్‌పూర్ నుంచి వచ్చేటప్పుడు రాత్రి మేం దాటిన ఊరే అది, మిర్చికి పేరుమోసిన ఊరు. అమ్మ గొంతుక్కూర్చుని ఆ కాయను తిప్పి చూసి, తుంచి, గింజ నాలుక మీద పెట్టుకుంది.

"ఇది మన చపాటకు అక్కనో చెల్లెనో. రంగెక్కువ, కారం తక్కువ," అని మా దిక్కు తిరిగి తీర్పు చెప్పింది.

ఆమె నూరిన ముద్దను నెయ్యిలో వేయించి, చివర ఇంత పెరుగు కలిపి, సజ్జ రొట్టె మీద పెట్టి నలుగురికీ ఇచ్చింది. మేం ఎవరమో, ఏ ఊరోళ్లమో ఆమె అడిగిందో లేదో కూడా మాకు తెలియదు. పైసలిస్తే తీసుకోలేదు. అమ్మ సందూకలోంచి సకినాల డబ్బా తెప్పించి సగం ఆమె కొంగులో పోసింది. ఆమె ఒక సకినాన్ని గాజులా పట్టుకుని ఆ చుట్లను చూసి ఏదో అన్నది, ఇద్దరూ నవ్వుకున్నారు. ఏమన్నదని అడిగితే, "ఏమో, నాకేమెర్క," అన్నది అమ్మ.

తర్వాత మా ఇంట్లో అది నెలకోసారైనా అయ్యేది, చపాటా మిర్చితో. దాని పేరు ఎడారి తొక్కు. కాలనీలో ఇంకో నాలుగిళ్లకు పాకింది. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో, అదే పేరుతో పిలుస్తున్నారో లేదో.

*

సమ్ ఇసుక తిన్నెలు ఊరికి 40 కిలోమీటర్లు. అక్కడ నాకు బాగా గుర్తున్నవి రెండు. తమ్ముడి చెప్పు ఒకటి ఇసుకలో మునిగి మళ్లీ దొరకలేదు. ఇంకోటి, ఒంటె లేచేటప్పుడు మొదట ముందుకు, తర్వాత వెనక్కి విసిరితే బాపు అంత మనిషీ "ఓ నాయనో" అన్నాడు. మిగతాది ఫోటోల్లో అందరూ చూసిందే.

పోయే దారిలో బస్సు ఒక పల్లె దగ్గర ఆగింది. అమ్మ దిగి, అక్కడున్న ఒక చెట్టు దగ్గరికి తిన్నగా పోయింది. చిన్న ముళ్లు, సన్నటి ఆకు. వచ్చి బాపుతో అన్నది: "ఇది జమ్మిచెట్టు."

"ఏమే, గింత దూరమొచ్చి జమ్మిచెట్టు చూస్తున్నవా?"

"చుట్టం కనపడితే మాట్లాడకుంట ఎట్ల పోతా?"

అక్కడ దాన్ని ఖేజ్డీ అంటారు. దాని కాయలను సాంగ్రీ అని కూర వండుకుంటారు, ఆకు పశువులకు మేత. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊళ్లో రాజుగారి మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి ఆడమనిషి చెట్టును కావలించుకుని ప్రాణమిచ్చింది, ఆమె వెనక మొత్తం 363 మంది. ఇదంతా నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఇప్పుడు రాజస్థాన్‌కూ మనకూ రాష్ట్ర వృక్షం ఒకటే. అమ్మ మాత్రం అప్పటికి దసరా ఒక్కటే ఆలోచించింది. నాలుగు రెమ్మలు తెంపి కొంగున ముడేసుకుంది.

బాపు మన దగ్గర లేనివి చూపిద్దామని మమ్మల్ని తోలుకొచ్చాడు. అమ్మకు ఎక్కడ చూసినా మన దగ్గరివే దొరుకుతున్నాయి. దాంతో ఇద్దరికీ రోజుకో చిన్న లడాయి.

*

సద్దుల నాడు మేం జోధ్‌పూర్ నుంచి ఆబూ రోడ్డు పోయే బండిలో ఉన్నాం. అమ్మ పొద్దున్నుంచీ కిటికీ వదల్లేదు. ఈ పాటికి కాలనీ ఆడవాళ్లు గునుగు కట్టలు కోసి రంగులద్దుతుంటారని, ఈసారి పెద్ద బతుకమ్మ ఎవరు పేర్చారో అని గొణుక్కుంటూనే ఉంది. మధ్యాహ్నం దాటాక ఎడమ దిక్కున ఆరావళి కొండలు దగ్గరికొచ్చాయి. ఉన్నట్టుండి అమ్మ లేచి నిలబడి కిటికీ ఊచలు పట్టుకుంది.

"తంగేడు!"

కట్ట పొడుగునా పసుపు. పొదలు పొదలుగా విరగబూసింది. అక్కడివాళ్లు ఆన్వల్ అంటారు, చెప్పుల తోలు పదును పెట్టడానికి దాని బెరడు వాడతారు. మార్వాడుకూ మేవాడుకూ హద్దు గీసినప్పుడు, ఆన్వల్ మొలిచే నేలంతా మేవాడుది, తుమ్మ మొలిచే నేల మార్వాడుది అని రావు జోధా, రాణా కుంభా ఒప్పుకున్నారని చెబుతారు. చెట్టును బట్టి రాజ్యం హద్దు. ఇది కూడా తర్వాత తెలిసిందే.

బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. సింగిల్ లైను. బాపు తల బయటపెట్టి చూసి, "లూపుల పెట్టిండు. ఎదురు బండి పోతెగని కదలదు," అన్నాడు. అమ్మ ఆయన ముఖం చూసింది, ఏమీ అనలేదు. బాపు తువ్వాల భుజాన వేసుకుని దిగాడు.

మేం కిటికీలోంచి చూస్తున్నాం. కంపచెట్లు తప్పించుకుంటూ కట్ట దిగి, ఒక్కో రెమ్మ విరిచి తువ్వాలలో వేస్తున్నాడు. షెడ్డులో నట్లు బిగించే చేతులు, పూలు తెంపడం చేతకాదు, కొమ్మలకు కొమ్మలే గుంజుతున్నాడు. ఎదురు బండి వచ్చింది, ఆగకుండా పోయింది. సిగ్నల్ వాలింది. తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. గార్డు ఈల. బాపు తువ్వాల మూట ఎత్తుకుని పరుగెత్తి మా పెట్టె అందక, వెనక పెట్టెలో ఎక్కాడు. అవి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి లేని పెట్టెలు. తర్వాతి స్టేషన్ దాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మా పెట్టెలోకి వచ్చి మూట ఆమె ఒళ్లో పెట్టాక, ముళ్లు గీసుకుపోయిన చేతిని చూసి, "గింత మొండితనమా," అని తిట్టింది.

ఆబూ రోడ్డు నుంచి 28 కిలోమీటర్ల ఘాట్. బస్సు ఎక్కిన కొద్దీ చెవులు దిబ్బళ్లు పడ్డాయి. పొద్దుగూకే వేళకు పైన మౌంట్ ఆబూలో ఉన్నాం. దేవతలు గోళ్లతో తవ్విన చెరువట, నక్కీ. అమ్మ గది దొరకగానే అక్కడి స్టీలు తాంబాళం అడుక్కుని తంగేడు పేర్చింది. గునుగు లేదు, బంతి లేదు, మొత్తం ఒక్కటే పసుపు, జానెడెత్తు. పసుపుతో గౌరమ్మను చేసి పైన పెట్టింది. మలీదకు బజార్లో చూర్మా అని ఒకటి దొరికింది. రొట్టె నలిపి, నెయ్యి, బెల్లం కలిపింది. మలీదే. దాని మీద కూడా అమ్మ తీర్పు చెప్పింది: "నెయ్యి జర ఎక్కువేసిన్రు."

చెరువు ఒడ్డున అమ్మ, నేను. ఇద్దరితో గుండ్రంగా ఎట్లా తిరుగుతాం? తమ్ముణ్ణి గుంజుకున్నాం. తర్వాత, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి బాపు కూడా కలిశాడు. చప్పట్లు తప్పుగా కొట్టాడు. అమ్మ గొంతు విప్పి ఉయ్యాల పాట ఎత్తుకుంటే పడవలవాళ్లు తెడ్లు ఆపి విన్నారు. బతుకమ్మను నీళ్లలో విడిచాక అది తిరిగి తిరిగి మళ్లీ ఒడ్డుకే వస్తుంటే పడవతను దాన్ని తెడ్డుతో మెల్లగా లోపలికి నెట్టాడు.

మర్నాడు దిల్‌వాడా జైన గుళ్లు. పాలరాయిని అట్లా మైనంలా చెక్కుతారని చూస్తేగాని నమ్మలేం. విమల్ వసహి 1031 నాటిది, లూణ వసహి 1230 నాటిది. గోరంత రేకులతో వేలాడే తామరను చూసి బాపు చాలాసేపు మెడ ఎత్తి నిలబడ్డాడు. ఇనుము అరగదీసే మనిషికి రాయి అరగదీయడమంటే ఏమిటో మాకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. రామప్ప 1213లోది, అంటే లూణ వసహి శిల్పులూ మన శిల్పులూ దాదాపు ఒకే కాలంలో ఉలి పట్టారు. ఈసారి పోలిక తెచ్చింది బాపే. "మన రామప్ప నల్లరాయి ఇంకా గట్టిది," అన్నాడు. అమ్మ నా దిక్కు చూసి నవ్వింది.

*

దసరా నాడు ఢిల్లీ నుంచి తిరుగు బండిలో ఉన్నాం. ఊళ్లు దాటుతుంటే దూరంగా రావణుడు కాలుతున్న మంటలు కనిపించాయి. అమ్మ కొంగు ముడి విప్పి, వాడిపోయిన జమ్మి ఆకులు పెట్టెలో అందరికీ పంచింది. "బంగారం" అంటూ. సగం మందికి అదేంటో తెలియదు, అయినా కండ్లకద్దుకున్నారు. ఒకాయన పాసు చెక్ చేసే టీసీకి కూడా ఇప్పించాడు. రెండు రెమ్మలు మాత్రం అమ్మ దాచింది.

కాజీపేటలో దిగేసరికి పొద్దెక్కింది. బాపమ్మ వాకిట్లో మంచమేసుకుని కూర్చుంది. మేం కాళ్లు మొక్కి జమ్మి చేతిలో పెట్టాం. ఆమె ఎండిన ఆకును వేళ్లతో నలిపి, వాసన చూసి, "జమ్మే," అన్నది ఆశ్చర్యంగా. కొంగులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి నాకొకటి, తమ్ముడికొకటి ఇచ్చింది. ఆకును తమలపాకుల సంచిలో భద్రంగా పెట్టుకుంది. తర్వాత విప్పుతున్న హోల్డాల్ దిక్కు, దాని మీద నూనె మరక దిక్కు తీరిగ్గా చూసింది.

"జాడీ ఏదే?"

అమ్మ బాపు కోసం వెనక్కి తిరిగింది. ఆయన అప్పటికే సైకిల్ తీసుకుని షెడ్డుకు బయల్దేరాడు.